ఆక్టేవియా వీఆర్ఎస్‌కు ఐబాక్ ప్రో-కిట్: స్ప్రింగులు సరే, అలైన్‌మెంట్ ఎవరు చేస్తారు?

ముందే తేల్చి చెప్తే, కారును కొద్దిగా కిందికి దించే స్ప్రింగుల సెట్టు ఐబాక్ ప్రో-కిట్ మంచి సరుకే. స్కోడా ఆక్టేవియాలో స్పోర్ట్ రకమైన వీఆర్ఎస్ లాంటి కారుకు కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. కానీ "స్ప్రింగులు వేయించాక బండి పట్టాల మీద పోయినట్టు పోతోంది" అని చెప్పుకునేదాంట్లో పెద్ద వాటా స్ప్రింగులది కాదు, ఆ తర్వాత చేయించిన అలైన్‌మెంట్‌ది, అంటే చక్రాల కోణాలు సరిచేయడానిది. చాలా కార్లకు ఆ అలైన్‌మెంట్, వెనక చక్రాలతో సహా, అప్పటిదాకా ఒక్కసారి కూడా సరిగ్గా జరిగి ఉండదు. అందుకే ఇక్కడ స్ప్రింగుల గురించి ఎంత ఉంటుందో కొలతల గురించి అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

మొదట కారు సంగతి. మన దేశంలో 2017లో వచ్చిన వీఆర్ఎస్ 230, 2020లో 200 కార్లు మాత్రమే అమ్మిన వీఆర్ఎస్ 245, రెండూ ఫోక్స్‌వాగన్ కుటుంబం కార్లు పంచుకునే ఎంక్యూబీ ప్లాట్‌ఫాం మీదవే. మొదటిదానికి 17 అంగుళాల చక్రాలు, రెండోదానికి 18. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసి ఒకే నిలువు గొట్టంగా ఉండేది), వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని విడిగా బాడీకి కలిపే కొన్ని ఆర్మ్‌లు, అంటే కడ్డీలు). ఈ మల్టీలింక్ అన్న మాట గుర్తు పెట్టుకోండి. అదే తరం ఆక్టేవియా 1.4 టీఎస్ఐకి వెనక ఉండేది టార్షన్ బీమ్, రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం. దానికి వెనక కాంబర్ (చక్రం తల లోపలికో బయటికో వాలే కోణం), టో (పై నుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మార్చే ఏర్పాటే లేదు. వీఆర్ఎస్‌కు ఉంది, 1.8 టీఎస్ఐకీ ఉంది. "ఆక్టేవియాకి వెనక అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్" అని షాపులో ఎవరైనా అంటే, అతను ఇప్పటిదాకా 1.4లే చూశాడని అర్థం. 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ అమరిక కూడా ఇదే తీరు కాబట్టి పద్ధతి దానికీ పనికొస్తుంది. పార్ట్ నంబర్లు, కొలతలు మాత్రం దానివి దానికే.

పెట్టెలో నాలుగు స్ప్రింగులు, ఒక కాగితం ఉంటాయి. ఆ కాగితం పారేయకండి, స్ప్రింగుల తర్వాత విలువైనది అదే. ఏ ఇంజన్‌కు, ఏ బాడీకి, ముందు ఇరుసు మీద ఎన్ని కిలోల దాకా, వెనక ఎన్ని కిలోల దాకా ఈ నంబరు పనికొస్తుందో అందులో ఉంటుంది. ప్రో-కిట్ నంబర్లు ఈ10తో మొదలవుతాయి. ఇంకా కిందికి దించే స్పోర్ట్‌లైన్ రకం ఈ20తో. "ఆక్టేవియా స్ప్రింగులే కదా" అని డీజిల్ బండివి తెచ్చి పెట్రోల్ బండికి వేస్తే, ముక్కు బరువు వేరు కాబట్టి ముందు భాగం లేచి, వెనక కూలబడి ఉంటుంది. కారు తలుపు దగ్గర అతికించిన ప్లేటు మీద ఇరుసు బరువులు రాసి ఉంటాయి, ఆర్డర్ పెట్టే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంకో మాట. కేటలాగ్‌లో 30 మి.మీ. దిగుతుందని ఉంటే అది మామూలు ఆక్టేవియాతో పోల్చి చెప్పిన లెక్క అయి ఉండొచ్చు. వీఆర్ఎస్ ఫ్యాక్టరీ నుంచే మామూలు ఆక్టేవియా కన్నా కిందికి ఉంటుంది. కాబట్టి కంటికి కనిపించే తేడా అంతకన్నా తక్కువే. చక్రానికి, మడ్‌గార్డ్‌కు మధ్య సందు నిండాలని కొనేవాళ్ళు నిరుత్సాహపడతారు. వాళ్ళు స్పోర్ట్‌లైన్ వైపు పోతారు, మన రోడ్ల మీద అది తప్పు. ఎందుకో చెప్తాను.

స్ప్రింగును చేతిలోకి తీసుకుని చూడండి. ఒక చివర చుట్లు దగ్గర దగ్గరగా, మిగతాచోట ఎడంగా ఉంటాయి. ఇదే ప్రోగ్రెసివ్ అంటే. బరువు పడేకొద్దీ దగ్గరి చుట్లు ఒకదానికొకటి ఆనుకుని పనిచేయడం మానేస్తాయి, పనిచేసే చుట్ల సంఖ్య తగ్గి స్ప్రింగు గట్టిపడుతుంది. స్ప్రింగు గట్టితనం తీగ మందం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. తీగ 12 మి.మీ. నుంచి 13కి పెరిగితే, మిగతావన్నీ అలాగే ఉన్నా, 38 శాతం గట్టిపడుతుంది. అందుకే కంటికి అచ్చం ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు రెండు రకాలుగా నడుస్తాయి. గ్రైండర్ పెట్టి ఒరిజినల్ స్ప్రింగులో ఒకటిన్నర చుట్టు కోసి "లోయరింగ్ చేశాం" అనే షెడ్లు ఉన్నాయి. అక్కడ చుట్లు తగ్గి స్ప్రింగు కొంత గట్టిపడే మాట నిజమే. కానీ చివరి చుట్టు సీటులో కూర్చునే ఆకారం పోతుంది, కారు జాకీ మీద లేస్తే స్ప్రింగు వదులై పక్కకు జరుగుతుంది. ఏ రోజో ఒక గుంతలో వంకరగా కూర్చుంటుంది. దాని గురించి ఇంతకన్నా మాట్లాడక్కర్లేదు.

ముందు స్ప్రింగు కన్నా వెనక స్ప్రింగు గట్టితనం నంబరు పెద్దదిగా ఉంటే కంగారు పడకండి. ముందు స్ప్రింగు స్ట్రట్ చుట్టూ, దాదాపు చక్రం పక్కనే ఉంటుంది. వెనకది షాకబ్జార్బర్‌తో కలిసి ఉండదు, లోపలికి జరిగి కింది ఆర్మ్ మీద విడిగా కూర్చుంటుంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు 6 మి.మీ. మాత్రమే నలిగిందనుకోండి, చక్రం దగ్గర తెలిసే గట్టితనం 0.6ను 0.6తో గుణించినంత, అంటే స్ప్రింగు గట్టితనంలో 36 శాతమే. ఈ లెక్క తెలియకుండా ముందు, వెనక నంబర్లు పోల్చి చేసే వాదనలకు అర్థం లేదు.

నడకలో మార్పు ఇలా ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడు ముక్కు వాలడం తగ్గుతుంది. లేన్ మారేటప్పుడు బాడీ ఒక క్షణం ఆలస్యంగా రావడం పోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు, ఫ్లైఓవర్ జాయింట్ల మీద ఒక్క దెబ్బతో సర్దుకుంటుంది, రెండోసారి ఊగదు. నెమ్మదిగా గల్లీలో పోయేటప్పుడు చిన్న గతుకులు మాత్రం ముందుకన్నా బాగా తెలుస్తాయి. వెనక సీట్లో పెద్దవాళ్ళు కూర్చునే కారైతే వాళ్ళు అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

స్పీడ్ బ్రేకర్ల లెక్క

"ఎన్ని మి.మీ. దిగినా తగులుతుంది" అన్నది సగం నిజం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. ఆక్టేవియా వీల్‌బేస్ సుమారు 2.68 మీటర్లు. అంటే నాలుగు చక్రాలూ ఆ దిబ్బ మీదే ఉంటాయి, చక్రాల మధ్య కారు పొట్ట కిందికి పొడుచుకు వచ్చే ఎత్తు లెక్క కడితే 53 మి.మీ. మాత్రమే. ప్రో-కిట్ మీద ఉన్న వీఆర్ఎస్ దాన్ని హాయిగా దాటుతుంది. కారుకు తగిలేది అది కాదు. కాలనీవాళ్ళు రాత్రికి రాత్రి పోసుకున్న, అడుగున్నర వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు సిమెంటు దిమ్మ. అక్కడ ఎత్తు మొత్తం పొట్ట కిందికే వస్తుంది. మీరు రోజూ పోయే దారిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో టేపు పట్టుకుని కొలవండి. ఆ తర్వాత కారు కింద అన్నిటికన్నా కిందికి ఉండే ఇంజన్ గార్డ్ అంచు నుంచి నేల దాకా కొలవండి. నలుగురు మనుషులు, డిక్కీలో సామాను, నిండు ట్యాంకుతో కొలవాలి, ఖాళీ కారుతో కాదు. తేడా 20 మి.మీ. కన్నా తక్కువ వస్తే ప్రో-కిట్ కూడా వద్దు, ఫ్యాక్టరీ స్ప్రింగులతో మంచి అలైన్‌మెంట్ చేయించుకుని ఆపేయండి.

స్పోర్ట్‌లైన్ వద్దనడానికి అసలు కారణం పొట్ట తగలడం కాదు, లోపల మిగిలే దూరం. షాకబ్జార్బర్ రాడ్ మీద నురుగు లాంటి పాలియురెథేన్ బంప్ స్టాపర్ ఉంటుంది. అది చివర్లో తగిలే రబ్బరు ముక్క మాత్రమే కాదు, దాన్ని కూడా ఒక స్ప్రింగులాగే లెక్కవేసి డిజైన్ చేస్తారు. కారు దించేకొద్దీ స్టాపర్‌కు దూరం తగ్గుతుంది. మరీ దించితే కారు మలుపుల్లో స్ప్రింగు మీద కాక స్టాపర్ మీద నిలబడుతుంది. బయటి చక్రం వైపు ఉన్నట్టుండి గట్టిపడి, ముందు టైరు పట్టు వదిలి, కారు మలుపు బయటికి జారుతుంది. డ్రైవరేమో "స్ప్రింగు బాగా స్టిఫ్" అనుకుంటాడు. స్టాపర్‌ను కొంత కోయమని కాగితంలో ఉంటే, ఎంత కోయమన్నారో అంతే, ఎటు చివర కోయమన్నారో అటే కోయాలి. లేదంటే ముట్టుకోకూడదు. కిందికి దించాక తగులుతోందని చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం మన దగ్గర మరో అలవాటు. ప్రోగ్రెసివ్ స్ప్రింగులో బఫర్ పెడితే పనిచేసే చుట్లను ఆపేసినట్టే, పక్క చుట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. డబ్బిచ్చి కొన్నదాన్ని మళ్ళీ డబ్బిచ్చి పాడుచేసుకోవడం అది.

బిగించేటప్పుడు చెడేవి

60, 70 వేల కిలోమీటర్లు తిరిగిన కారైతే పాత షాకబ్జార్బర్ల మీద కొత్త స్ప్రింగులు వేయకండి. రాడ్ మీద నూనె తడి కనిపిస్తే ఇక ఆలోచనే వద్దు. ముందు స్ట్రట్ ఎలాగూ విప్పుతారు కాబట్టి పై మౌంటు, బేరింగు, బంప్ స్టాపర్, దుమ్ము తొడుగు అదే చేతితో మార్చేయాలి. ఒకే పనికి రెండుసార్లు కూలి ఎందుకు? ఫోక్స్‌వాగన్ కుటుంబం కార్లలో సస్పెన్షన్ బోల్టులు చాలావరకు సాగేరకం. ఒకసారి టార్క్ వేసి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పి బిగిస్తారు. విప్పితే మళ్ళీ వాడకూడదు. స్ప్రింగుల బిల్లుతో పాటు కొత్త బోల్టులు, నట్ల బిల్లు కూడా చూపించమనండి. ఆ బిల్లు లేకపోతే పాతవే ఎక్కాయని లెక్క.

ముందు స్ట్రట్ గొట్టం నకిల్‌లోకి, అంటే చక్రం బేరింగును పట్టుకునే దిమ్మలోకి దిగి, ఒకే బోల్టుతో నొక్కి పట్టుకుని ఉంటుంది. దాన్ని ఊడదీయడానికి నకిల్ చీలికలో పెట్టి తిప్పే స్ప్రెడర్ పనిముట్టు ఉంది. అది లేని చోట ఉలి పెట్టి సుత్తితో కొడతారు, అల్యూమినియం నకిల్‌కు పగులు పడొచ్చు. "స్ప్రెడర్ ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో షెడ్డు స్థాయి తెలిసిపోతుంది. గొట్టం తిరిగి దించేటప్పుడు దాని మీది చిన్న రెక్క చీలికలోకి రావాలి, గొట్టం అడుగు దాకా కూర్చోవాలి. 5 మి.మీ. పైకి ఉండిపోయినా ఆ వైపు కాంబర్, ఎత్తు రెండూ మారతాయి. నకిల్ కిందికి వేలాడుతున్నప్పుడు యాక్సిల్ జాయింటు మరీ సాగకుండా కట్టి ఉంచాలి, బ్రేక్ క్యాలిపర్ గొట్టం మీద వేలాడకూడదు, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే తీయాలి.

స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు నుంచి "టంగ్" అని తీగ మీటినట్టు శబ్దం వస్తే, స్ప్రింగు చివర సీటులోని గట్టుకు ఆనలేదనో, బేరింగు తలకిందులుగా పెట్టారనో, పాత బేరింగు బిగుసుకుందనో అనుమానించాలి. వెనక స్పీడ్ బ్రేకర్ దిగగానే "టక్" మంటే, కింది ఆర్మ్ గిన్నెలో స్ప్రింగు సీటు సరిగా కూర్చోలేదు.

ఇక అసలైన పొరపాటు. పదింట తొమ్మిది చోట్ల దీన్ని ఎవరూ పట్టించుకోరు. కారు లిఫ్టు మీద ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు బిగించేస్తారు. ఈ ఆర్మ్‌ల బుష్‌లు తిరిగే బేరింగులు కావు. లోపలి ఇనుప గొట్టానికి, బయటి గొట్టానికి రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు, ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరు మెలితిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగించి కిందికి దించితే, కారు ఊరికే నిలబడి ఉన్నా ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. అది అదనపు స్ప్రింగులా కారును పైకి తోస్తుంది. "కొత్త స్ప్రింగులు ఇంకా సెటిల్ కాలేదు, వెనక ఎత్తుగా ఉంది" అనేవాటిలో చాలావరకు ఇదే. కొన్ని నెలల్లో రబ్బరు చిరుగుతుంది, అప్పుడు కారు ఉన్నట్టుండి దిగుతుంది, అప్పటిదాకా చేయించిన అలైన్‌మెంట్ నీళ్ళపాలు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. విప్పకముందు, కారు నేల మీద ఉండగా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోవాలి. ఉదాహరణకు వెనక ఎడమ 365 మి.మీ. వచ్చింది, స్ప్రింగు 20 మి.మీ. దించుతుంది అనుకుందాం. బోల్టులన్నీ చేతితో మాత్రమే ఎక్కించి, జాకీతో నకిల్‌ను మెల్లగా పైకెత్తి, అదే కొలత 345 వచ్చేదాకా తేవాలి. అప్పుడు టార్క్ రెంచ్ పెట్టి బిగించాలి. కారు బరువు లిఫ్టు ఆర్మ్‌ల మీద స్థిరంగా ఉండాలి, కట్టి ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఒకవైపు జాకీతో ఎత్తితే కారు జారే ప్రమాదం ఉంది. నాలుగు పోస్టుల ర్యాంప్ ఉంటే చక్రాల మీద నిలబెట్టే బిగించవచ్చు, ఈ తిప్పలేమీ ఉండవు. చివర్లో చక్రాల బోల్టులు 120 న్యూటన్ మీటర్లు, ఎయిర్ గన్‌తో కాదు, రెంచ్‌తో.

అలైన్‌మెంట్: పచ్చరంగు చూసి మురిసిపోవద్దు

కొత్త స్ప్రింగులు వేశాక ఇంటికి చేరేంత పని అలైన్‌మెంట్ అదే రోజు, అసలు అలైన్‌మెంట్ 200, 300 కిలోమీటర్లు తిరిగి సీట్లు, బుష్‌లు కుదురుకున్నాక. మొదటిది చేయించకుండా వారం తిరిగితే కొత్త టైరు లోపలి అంచు అప్పుడే అరగడం మొదలుపెడుతుంది.

కారు కిందికి దిగితే ఏమవుతుంది? ముందు చక్రాల తల కొద్దిగా లోపలికి వాలుతుంది, వెనక ఇంకాస్త ఎక్కువ వాలుతుంది, రెండు చోట్లా టో మారుతుంది. ఈ వాలు, అంటే నెగటివ్ కాంబర్, ముందు చక్రాలకు మనకు కావలసిందే. ఫ్యాక్టరీ నుంచి ముందు కాంబర్ సుమారు మైనస్ అర డిగ్రీ చుట్టుపక్కల, వెనక మైనస్ ఒకటింబావు చుట్టుపక్కల ఉంటుంది. మామూలు డ్రైవరు మలుపులో భయపడి యాక్సిలరేటర్ వదిలేసినా వెనక జారకూడదని అలా పెడతారు. దించాక వెనక మైనస్ 2 డిగ్రీల దాకా పోవచ్చు. ముందు మైనస్ ముప్పావు, వెనక 2 అంటే కారు మలుపులో ఇంకా ముక్కుతో జారే రకం అవుతుంది. అంటే స్ప్రింగులు వేసి, వెనక కాంబర్ మళ్ళీ తగ్గించకపోతే, కారు ముందుకన్నా మొద్దుబారినట్టు తిరుగుతుంది. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

ముందు కాంబర్‌కు ఈ కారులో విడిగా సర్దుబాటు లేదు. స్ట్రట్‌కు రెండు బోల్టులుండే సుబారు లాంటి కార్లలో సన్న బోల్టు వేసి జరుపుతారు, ఇక్కడ ఆ వీలు లేదు. సబ్‌ఫ్రేమ్ (ముందు ఆర్మ్‌లు బిగించి ఉండే కింది చట్రం) బోల్టులు వదులుచేసి ఎడమకో కుడికో కొద్దిగా తోయవచ్చు. దానివల్ల ఒకవైపు పెరిగినంత రెండోవైపు తగ్గుతుంది, అంటే సమానం చేయడానికే అది. రెండు వైపులా పెంచాలంటే పై మౌంటు స్థానంలో క్యాంబర్ ప్లేట్లు వేయాలి. రోడ్డు వాడకానికి అవి శబ్దం, కంపనం తెస్తాయి, నేనైతే వద్దంటాను. వెనక మాత్రం ఒక్కో వైపు రెండు ఎక్సెంట్రిక్ బోల్టులుంటాయి (తిప్పితే ఆర్మ్‌ను పక్కకు జరిపేవి), ఒకటి కాంబర్‌కు, ఒకటి టోకు. మొదట కాంబర్ సరిచేయాలి, టో తర్వాత. తిరగేసి చేస్తే కాంబర్ కదిలినప్పుడు పెట్టిన టో మళ్ళీ పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తిరిగిన బండికి ఈ బోల్టులు బుష్ గొట్టంలో తుప్పుతో బిగుసుకుపోయి ఉండొచ్చు. ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచమనండి.

వీధుల్లో, హైవే మీద తిరిగే ప్రో-కిట్ వీఆర్ఎస్‌కు నేను అడిగే కొలతలు ఇవి. ముందు కాంబర్ ఎంత వస్తే అంత, కానీ ఎడమ కుడి తేడా 20 నిమిషాలకు మించకూడదు. ముందు టో రెండు చక్రాలూ కలిపి సున్నా నుంచి ప్లస్ 5 నిమిషాల దాకా (ప్లస్ అంటే ముందు అంచులు లోపలికి, టో ఇన్). వెనక కాంబర్ మైనస్ 1 డిగ్రీ 20 నిమిషాల నుంచి 1 డిగ్రీ 40 దాకా. వెనక టో మొత్తం ప్లస్ 10 నుంచి 15 నిమిషాలు, రెండు వైపులా సమానంగా. వెనక టో సున్నాకు తెస్తే కారు చురుగ్గా తిరుగుతుందని ట్రాక్ మీద నడిపేవాళ్ళు చెప్తారు. నిజమే, వానలో ఔటర్ మలుపులో కాలు తీసినప్పుడు కూడా అంతే చురుగ్గా తిరుగుతుంది. వద్దు. చెన్నై, కోయంబత్తూరు ట్రాకులకు తరచు పోయేవాళ్ళు ముందు క్యాంబర్ ప్లేట్లతో మైనస్ 2 దాటించి, టో సున్నా పెట్టి, ఆ కొలతలకు వేరే చక్రాల సెట్టు ఉంచుకోవాలి. అదే సెట్టింగుతో రోజూ ఆఫీసుకు పోతే టైర్ల బిల్లు వాళ్ళదే.

నిమిషాలు అన్న మాట దగ్గరే సగం గొడవలు. 60 నిమిషాలు ఒక డిగ్రీ. కొన్ని మెషీన్లు దశాంశాల్లో చూపిస్తాయి, అక్కడ 0.30 అంటే 30 నిమిషాలు కాదు, 18. మి.మీ.లో చెప్పేవాళ్ళతో ఇంకో చిక్కు. 10 నిమిషాల టోను 17 అంగుళాల రిమ్ము అంచు దగ్గర కొలిస్తే 1.3 మి.మీ., అదే 225/45 టైరు బయటి అంచు దగ్గర కొలిస్తే 1.8 మి.మీ. ఏ వ్యాసం మీద అని చెప్పని మి.మీ. లెక్కకు విలువ లేదు. ప్రింటు కోణాల్లోనే అడగండి.

టో ఎందుకంత ముఖ్యమంటే, ఒక చక్రం 10 నిమిషాలు వంకరగా ఉంటే కారు కిలోమీటరు పోయేసరికి ఆ టైరు దాదాపు 2.9 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క. విజయవాడ పోయి వస్తే ఎంతో మీరే గుణించుకోండి. కాంబర్ ఒక డిగ్రీ ఎక్కువైనా టైరు ఇంతగా అరగదు. లోపలి అంచు అరిగిందంటే జనం కాంబర్‌ను తిడతారు, నిజానికి తినేది టో, కాంబర్ దానికి చోటు మాత్రమే చూపిస్తుంది. అరచేతితో టైరు ముఖం మీద అడ్డంగా రాసి చూడండి. బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి రాస్తే రంపం పళ్ళలా గుచ్చుకుంటే టో ఇన్ ఎక్కువ. తిరగేసి ఉంటే టో అవుట్. మెషీన్ ఎక్కించకముందే చెయ్యి చెప్తుంది.

ఇప్పుడు షాపు. మెషీన్ హంటరా, జాన్ బీనా, మనాటెక్కా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆపరేటర్ ఏం చేస్తాడన్నది. కారు ఎక్కించగానే నాలుగు టైర్ల గాలి చూశాడా? ముందు చక్రాల కింది తిరుగుడు ప్లేట్ల పిన్నులు తీశాడా? బిగింపులు రిమ్ముకు పెట్టాక కారును ముందుకూ వెనక్కూ దొర్లించి రిమ్ము వంకర లెక్క సరిచేశాడా? మెషీన్‌లో కారు ఎంచుకునేటప్పుడు ఉత్త ఆక్టేవియా కొట్టాడా, స్పోర్ట్ సస్పెన్షన్ రకం కొట్టాడా? బ్రేక్ నొక్కి పట్టే కడ్డీ పెట్టి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) కొలిచాడా? ఇవి చేయకుండా పావుగంటలో నాలుగు గడులూ పచ్చగా చూపిస్తే, అది అలైన్‌మెంట్ కాదు, ఫొటో.

పచ్చరంగు ఎలా మోసం చేస్తుందో ఒక ఉదాహరణ. వెనక ఎడమ టో ప్లస్ 15 నిమిషాలు, కుడి మైనస్ 5. మొత్తం ప్లస్ 10, గడి పచ్చగా ఉంటుంది. కానీ రెంటి తేడాలో సగం, అంటే 10 నిమిషాలు థ్రస్ట్ యాంగిల్. వెనక ఇరుసు కారును ఒక పక్కకు తోస్తోంది. ముందు టో ఎంత బాగా పెట్టినా స్టీరింగ్ నిటారుగా ఉండదు. ఆపరేటర్ స్టీరింగ్ ఊడదీసి ఒక పన్ను జరిపి పెడతానంటాడు. ఒప్పుకోకండి. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ లెక్క తప్పుతుంది, కారు జారకుండా తానే బ్రేకులు వేసే ఈఎస్‌సీ అనవసరంగా జోక్యం చేసుకుంటుంది. వెనక టో సరిచేయడమే మందు.

బండి ఎడమకు లాగుతోందన్న ఫిర్యాదుకు ముందు రోడ్డు చూడాలి. మనం ఎడమవైపు నడుపుతాం, రోడ్డు ఎడమ అంచుకు వాలి ఉంటుంది, ఏ కారైనా కొద్దిగా అటు పోతుంది. చదునైన చోట కూడా లాగితే, కాంబర్ ఎక్కువ పాజిటివ్ ఉన్న వైపుకు లేదా క్యాస్టర్ తక్కువ ఉన్న వైపుకు లాగుతుంది. ముందు రెండు టైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. లాగుడు దిక్కు మారితే తప్పు టైరుది. గుంత దెబ్బ తర్వాత ఒకవైపు కాంబర్ తేడా వస్తే స్టీరింగ్ ఇరుసు (చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో అది) లోపలికి వాలే కోణం కూడా చూడమనండి. అదీ కాంబరూ కలిపిన మొత్తం రెండో వైపుతో సమానంగా ఉంటే సబ్‌ఫ్రేమ్ జరిగింది, సమానంగా లేకపోతే నకిలో స్ట్రట్టో వంగింది. వంగినదాన్ని అలైన్‌మెంట్‌తో సరిచేయలేరు.

మిగిలినవి చిన్నవే. ఎత్తు సెన్సరున్న హెడ్‌లైట్లకు స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్ చేయించాలి, లేకపోతే వెలుగు తప్పుచోట పడుతుంది. జీటీఐ లాంటి కెమెరా, రాడార్ ఉన్న కార్లకు ఎత్తు లేదా వెనక టో మారితే వాటి క్యాలిబ్రేషన్ కూడా ఉంటుంది, ఆ ఖర్చు ముందే అడగండి. ఇక చట్టం: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపు నుంచి వాహనాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. బీమా కంపెనీకి చెప్పకుండా వేయించడం మీ ఇష్టం, క్లెయిమ్ తిరగ్గొట్టడం వాళ్ళ ఇష్టం.

ఊడదీసిన ఒరిజినల్ స్ప్రింగులు షెడ్డులో వదిలేయకండి. వాటి మీద రంగు చుక్కలు ఉంటాయి, ఆ కారు బరువుకు ఏ స్ప్రింగు వెళ్ళాలో చెప్పే గుర్తులు అవే. తుడిచి, పలచగా నూనె రాసి, ముందు ఎడమ, ముందు కుడి అని చీటీలు కట్టి, ప్రో-కిట్ వచ్చిన పెట్టెలోనే పెట్టి అటక మీద పడేయండి. తీసిన బంప్ స్టాపర్లు కూడా అందులోనే. అమ్మేరోజు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న ఆ పెట్టె ఉందా అనే.